మా నాన్నకి ‘తియ్యలేదు సార్’ అనడం నేర్పిన సుసన్నత్త

నిన్న పొద్దున లేచి ఫోన్ చూస్తే బస్తీ గ్రూపులో ఒకటే మెసేజ్. "సుసన్న మేడం ఇక లేరు."

ఏ సుసన్న అని టైప్ చేశాను. మాకున్నది ఒక్కరే అని తెలిసి కూడా.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

అందరికీ ఆవిడ శ్రీనగర్ కాలనీ క్రిమినల్ లాయర్. మా నాన్నని మాత్రం "అన్నయ్యా" అనేవారు. అందుకే నాకు అత్త.

నాన్న జూనియర్ ఆర్టిస్ట్. ఎయిటీస్ చివర్లో ఫిల్మ్ నగర్ బస్తీలో ఉండేవాళ్ళం. సెట్లో వాళ్ళకి ఒకటే రూల్. కుర్చీలో ఉన్నాయన ఏమడిగినా "అవును సార్" అనాలి.

ఎండలో నిలబడతావా? అవును సార్. భోజనం తర్వాత తింటావా? అవును సార్.

కాదన్నవాణ్ణి మర్నాడు ఏజెంట్ వ్యాన్ ఎక్కించుకోడు.

ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళాలో షూటింగ్. ఓనర్ గారి గొలుసు పోయింది. పోలీసులు నాన్నని పట్టుకెళ్ళారు. గొలుసు దొరకలేదు, చూసినవాళ్ళు లేరు.

కోర్టులో మెజిస్ట్రేట్ అడిగారు, దొంగతనం చేశావా అని.

"అవును సార్" అన్నాడు నాన్న.

అంతే. ఆరు నెలల జైలు.

పక్కన లాయర్ లేడు. పెట్టుకునే స్తోమత లేకపోతే సర్కారే లాయర్ని ఇస్తుందని ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మ ఏడ్చుకుంటూ తిరుగుతుంటే ఎవరో సుసన్నత్త ఇల్లు చూపించారు. అత్త జైలుకెళ్ళి నాన్న మీద అరిచేశారు.

"చెయ్యని పనికి అవునంటారేంటి అన్నయ్యా? మతి ఉండే అన్నారా?"

"గంత పెద్దసారు అడిగితే కాదని ఎట్లంటనమ్మా? రేపటి సంది పనికి పిలువరు గదా."

అత్త అక్కడే కాగితాల మీద నాన్న సంతకం తీసుకున్నారట.

పై కోర్టుకి వెళ్ళారు. ఉచితంగా లాయర్ని ఇస్తామని ముందే చెప్పాలని సుప్రీంకోర్టు ఎప్పుడో అంది, ఈయనకి చెప్పలేదు అని వాదించారు. శిక్ష కొట్టేసి, కేసు మళ్ళీ మొదటినుంచి విచారించమన్నారు.

ఆ ఆర్డర్ వచ్చేసరికి నాన్న ఆరు నెలలూ జైల్లో ఉండి ఇంటికొచ్చేశాడు.

విచారణకి ముందు అత్త మా ఇంట్లో స్టూల్ మీద కూర్చుని జడ్జిలా గొంతు పెంచేవారు. "ఏమయ్యా, గొలుసు తీశావా?"

"అవును సార్." నాన్న నోటికి అదే వచ్చేసేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అత్త నవ్వేవారు కాదు.

"మళ్ళీ అనండి. తియ్యలేదు సార్. అంతే, ఇంకేం వద్దు."

కోర్టులో అన్నాడు. కేసు కొట్టేశారు.

ఏం లాభం? జైలుకెళ్ళొచ్చినోడని ఏజెంట్ మళ్ళీ పిలవలేదు. నాన్న టోలిచౌకిలో ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. అక్కడే ఆరోగ్యం పోయింది.

తొంభై ఐదులో లీగల్ ఎయిడ్ చట్టం అమల్లోకి వచ్చింది. కస్టడీలో ఉన్నవాడికి ఉచితంగా లాయర్ని పెట్టించుకునే హక్కు ఉందని అందులో స్పష్టంగా రాశారు. అత్త పేపర్ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు. మంచంలో ఉన్న నాన్నకి చదివి వినిపించారు.

నాన్న అంతా విన్నాడు.

"మంచిగైందమ్మా. నాకే జర లేటైంది."

అత్త ఆ పేపర్ మడుచుకుని వలవలా ఏడ్చారు. లాయర్ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నిన్న ఆవిడ ఇంటికెళ్తే గేటు బయటిదాకా జనం. నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ముందు నిలబడ్డ పెద్దాయన వెనక్కి తిరిగి అడిగాడు, "నీదేం కేసు బిడ్డా?"

మా నాన్నది, అన్నాను.

వెళ్ళిరండి అత్తా. ఇంక ఎవరి వాయిదా గురించీ బెంగ పెట్టుకోకండి. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండండి.