అమ్మ కోసం పెట్టిన షోర్వా

పొట్టు పొయ్యికి తొందర తెలియదు, నాకు ఓపిక తెలియదు. డెబ్బైల చివర్లో, ఆదోనిలో కాపురం పెట్టిన కొత్తలో, మా ఇద్దరికీ రోజూ గొడవే.

విషజ్వరం తగ్గిన అమ్మను నందవరం నుంచి తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. మనిషి ఎముకల గూడైపోయింది. అయినా కూతురింట్లో కడుపునిండా తినడం మా వాళ్లలో నామోషీ. ఏది వడ్డించబోయినా "సాలమ్మా" అని చెయ్యి అడ్డం పెట్టేది. కోడికూర వండితే ముక్కలన్నీ అల్లుడి కంచంలోకి తోసేది. చివరికి ఆ ఆదివారం సాయంత్రం బస్సుకు వెళ్లిపోతానని కూర్చుంది. ఎక్కేలోపు ఒక్క గ్లాసు షోర్వా అయినా తాగించాలని నా పంతం.

కూరకు పోగా మిగిలిన మెడ, వీపు ఎముకలు, కాళ్లు తీసి ఉంచాను. పక్కింటి ఖాలా నేర్పినట్టే పొయ్యి నడుమ సీసా నిలబెట్టి, నూనె మిల్లు నుంచి తెచ్చిన వేరుశనగ పొట్టు చుట్టూ గట్టిగా దట్టించి, సీసా లాగేసి అంటించాను. అంటుకుంటే సాయంత్రం దాకా సన్నగా కాగుతుంది. కదిలిందా, పొట్టంతా కూలి ఆరిపోతుంది. అల్లం, మిరియాలు దంచి వేసి కుండ ఎక్కించాను. ఎవరి కోసమో అమ్మకు చెప్పలేదు. చెబితే ఎక్కించనిచ్చేది కాదు.

కొళాయి దగ్గర నుంచి బిందెలతో వచ్చేసరికి వాకిలంతా పొగ. నా కుండ నేల మీద ఉంది. పొయ్యి మీద నీళ్ల కాగు. అమ్మ దగ్గుతూ ఊదుతోంది. తినడానికే మొహమాటం, పనికి లేదు కదా. పోయేలోపు మా దుప్పట్లు ఉతికిపెడదామని ఉడుకునీళ్లకు కాగు ఎత్తిపెట్టింది. ఆ బరువుకు పొట్టు కూలిపోయింది.

"ఉత్త బొక్కలకు ఇంత మంట యాలమ్మా, దండగ" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అవి నీకోసమేనని అరిచాను. మళ్లీ పొట్టు దట్టించే వ్యవధి లేదు. కిరోసిన్ స్టవ్ మీద పెడితే కాసేపటికే చమురు అయిపోయింది. సారం సగం కూడా దిగని ఆ పల్చటి నీళ్లనే వడకట్టి, ఉప్పేసి, ఆమె చేతిలో పెట్టాను.

అమ్మ సగం తాగి గ్లాసు గట్టు మీద పెట్టింది. బాగుందట. మిగిలింది అల్లునికి ఇవ్వమంది.

"ఇది నా ఇల్లు కాదామ్మా? నేను పెడితే తినగూడదా?" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"నీ ఇల్లు యాడిదమ్మా, అల్లునిది కదా" అంది అమ్మ, సంచి సర్దుకుంటూ, చాలా మామూలుగా.

బస్సెక్కించి ఇంటికి వచ్చాను. గట్టు మీది గ్లాసు చూసి అదేమిటని ఆయన అడిగారు. నాదని చెప్పి, ఆయన ఎదురుగానే నిలబడి చుక్క మిగల్చకుండా తాగేశాను.