కట్టు కింద ఉబ్బు

నర్సరీలో అందరూ ఆమెను చిన్నామె అంటారు. పెద్దామె ఆమె అక్క. అక్క పోయాక చలికాలం దాటి ఎండలు కూడా మొదలయ్యాయి గానీ, ఈమె మాత్రం చిన్నామెగానే ఉండిపోయింది. ఎవరికంటే చిన్న అని కొత్తవాళ్లెవరూ అడగరు.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని గులాబీలకు అంటు కట్టేవారు. మంచి గులాబీ కొమ్మ మీద, ఆకు మొదట్లో గింజంత మొగ్గ ఒకటి ఉంటుంది. నర్సరీ వాళ్లు దాన్ని కన్ను అంటారు. ఆ కన్నును బెరడుతో సహా చెక్కి, అడవి గులాబీ కాండానికి గాటు పెట్టి అందులో దూర్చాలి. అది అక్క పని. ఆ పైన పలచటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి బిగించాలి. అది చెల్లెలి పని. బడి మానేసి పనిలో చేరిన నాటి నుంచీ కత్తి ఆమెది, కట్టు ఈమెది. మాటలు కూడా ఆమెవే. ఎవరైనా చిన్నామెను ఏదైనా అడిగితే జవాబు బల్ల అవతలి నుంచి వచ్చేది.

"నీ కట్టు విప్పాలంటే గునపం తేవాలే" అని అక్క వెక్కిరించేది. చిన్నామె నవ్వుకుని ఇంకో చుట్టు చుట్టేది.

వాళ్లుండే అద్దె గది గుమ్మం పక్కన అక్క పెట్టిన గులాబీ ఉంది. ఎవరో కుండీతో సహా పారేస్తే ఎత్తుకొచ్చి నాటింది. పండిన నేరేడు రంగులో ముద్దగా పూసేది. నర్సరీలో అలాంటిది లేదు, దాని పేరేమిటో యజమానికీ తెలియదు. అక్క పోయిన కొద్ది రోజులకే అది పైనుంచి ఎండడం మొదలుపెట్టింది. నీళ్లు పోసినా, మట్టి మార్చినా లాభం లేకపోయింది. ఎండల నాటికి ఒక పక్క రెమ్మ మాత్రం పచ్చగా మిగిలింది.

గది ముందున్న జాగాకు సిమెంటు చేయించాలని, గది అద్దెకిచ్చిన ఇంటాయన చాలాకాలంగా అనుకుంటున్నాడు. ఆమె తాళం వేస్తుంటే చాలు, ఆ మోడును ఇంకా ఎన్నాళ్లు కాస్తావమ్మా అని మొదలుపెట్టేవాడు. కొంచెం ఆగండి అని ఆమె తల వంచుకుని నడిచేది. ఆ రెమ్మ పోయేలోగా దాని కన్ను ఒక్కటైనా అడవి మొక్క మీద బతికితే చాలు. అక్క పువ్వు మళ్లీ ఇంకోచోట పూస్తుంది. ఆమె కోరిక అంతే.

అక్క కుర్చీలోకి కొత్త మనిషి వచ్చింది. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా నోరు మూత పడదు కాబట్టి ఆమెను రేడియో అంటారు. చేతివాటం మంచిది. "ఆ కొమ్మ ఇటు తే అక్కా, నేను కోసి పెడతాను. నువ్వు కట్టుకుందువు గాని" అంది ఒకసారి. చూద్దాంలే అని చిన్నామె తప్పించుకుంది. అక్క మొక్క మీద పరాయి కత్తి పడటం ఆమెకు ఇష్టం లేదు. పైగా అడగాలంటే నోరు రావాలి.

అక్క కత్తితో తనే కోసింది. మొదటి కన్ను రెండుగా చీలింది. ఇంకోటి నల్లబడి రాలిపోయింది. ఆఖరికి కాస్త బాగా వచ్చిన కన్నును గాటులో పెట్టి, ఊపిరి బిగబట్టి కట్టు కట్టింది. ఆ అడవి మొక్క సంచిని బల్ల కింద, తన కాళ్ల దగ్గరే పెట్టుకుంది.

కొన్ని వారాలకు కట్టు కింద ఉబ్బు కనిపించింది. అంటు అతుక్కుంటే అక్కడ కాండం కొద్దిగా ఉబ్బడం ఆమె ఏళ్ల తరబడి చూసిందే. వేలితో తడిమింది. గట్టిగా, నిండుగా ఉంది. అలా తడుముతూ చాలాసేపు కూర్చుని, తల ఎత్తి, "పట్టింది" అంది.

రేడియో కత్తి ఆపింది. "నీకు నోరుందని ఇవాళే తెలిసింది అక్కా. మంచి మాటతోనే మొదలెట్టావు."

ఆ సాయంత్రం ఇంటాయన ఎదురైతే, తీయించుకోండి అని ఆమే చెప్పింది. మర్నాడు పని నుంచి వచ్చేసరికి మోడూ లేదు, పచ్చ రెమ్మా లేదు. తడి సిమెంటు మీద ఎవరూ తొక్కకుండా ఇటుకలు అడ్డం పెట్టారు. గుమ్మంలోకి వెళ్లడానికి ఆమె గోడ పట్టుకుని పక్కగా నడవాల్సి వచ్చింది. అయినా బాధపడలేదు.

కట్టు విప్పే రోజున పట్టీ నిజంగానే రాలేదు. కత్తి మొనతో కోయాల్సి వచ్చింది. విప్పగానే కింద నుంచి నాచు ముద్దలాంటిది బయటికి ఉబికింది. ఎర్రగా, పచ్చగా, నూలుపోగుల్లాంటి వెంట్రుకలతో ఉంది. దాని పైన, గాటులో, ఆమె పెట్టిన కన్ను ఎప్పుడో ఎండి నల్లటి పొట్టులా అంటుకుని ఉంది.

అది ఏమిటో ఆమెకు తెలుసు. కంచె వెంట అడవి గులాబీల మీద ఏటా వస్తుంది. చీమ కంటే చిన్న ఈగ ఒకటి మొక్క కంటిలో గుడ్లు పెడుతుంది. మొక్క ఆ పిల్లల చుట్టూ ఇలా బుడిపె కట్టుకుంటుంది. కనపడితే గిల్లి మంటలో వేయాలని నర్సరీలో నియమం. ఒకసారి అక్క ఒకదాన్ని అడ్డంగా కోసి చూపించింది. లోపల చిన్న చిన్న గదులు, గదికొక తెల్లటి పురుగు. "చూడవే, ఎవరి గది వాళ్లదే. పలకరింపుల్లేవు. అచ్చం నీలాంటివే" అని నవ్వింది.

రేడియో బల్ల చుట్టూ తిరిగి వచ్చి చూసింది. కాండాన్ని తిప్పి బుడిపె మొదలు చూసింది. తర్వాత మెల్లగా, "గాటు పెట్టే ముందు అడవి మొక్క సొంత కళ్లు గీకేయలేదా అక్కా? ఈగ వాటిలోనే పెట్టినట్టుంది" అని అడిగింది.

చిన్నామెకు అక్క చెయ్యి గుర్తొచ్చింది. కత్తి పెట్టే ముందు ప్రతిసారీ కాండం మీద బొటనవేలు గట్టిగా రాసేది. దుమ్ము తుడుస్తోందని తను అనుకుంది ఇన్నేళ్లూ. ఆ వేళకు తను పట్టీ చింపుకుంటూ ఉండేది.

"తెలియదు" అంది.

బుడిపెను ఆమె గిల్లలేదు. సంచిని చీర కొంగు చాటున పట్టుకుని ఇంటికి తెచ్చింది. సిమెంటు మీద, గులాబీ ఉన్న చోట, కుండీలో పెట్టింది. అంటు పట్టి ఉంటే దాని పైనున్న అడవి కొమ్మను నరికేసేవాళ్లు. పట్టలేదు కాబట్టి అది దాని ఇష్టం వచ్చినట్టు పెరిగింది. ఆకులు రాలే రోజుల్లో బుడిపె గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది. లోపల పురుగులున్నాయని ఆమెకు ఒక్కదానికే తెలుసు. వంట చేసుకుంటూ తలుపు తెరిచి ఉంచేది. ఒక్కోసారి, ఇవాళ చలి ఎక్కువే అని దానితో అని, ఎవరైనా విన్నారేమోనని వీధివైపు చూసేది.

ఎండలు తిరిగి వచ్చాక ఓ సాయంత్రం చూస్తే బుడిపె నిండా సూది బెజ్జాలు. తను పనిలో ఉండగా అన్నీ ఎగిరిపోయాయి. ఒక్కదాన్నీ చూడలేదు. తేలికైన ఆ పొట్టును వేలితో నొక్కింది. మెత్తగా లోపలికి దిగింది. లేవబోతుంటే పై కొమ్మ చెంపకు తగిలింది. చివర తెల్లటి పువ్వు విచ్చుకుని ఉంది. అయిదే రేకులు. ఇన్నేళ్లు వందల అడవి మొక్కల తలలు నరికించిన బల్ల దగ్గర కూర్చున్నా, వాటి పువ్వును ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

మర్నాడు బల్ల దగ్గర రేడియో తన పక్కింటి గొడవంతా ఏకరువు పెడుతోంది. ఆమె ఊపిరి తీసుకునే దాకా చిన్నామె పట్టీ చుట్టను చేతిలో తిప్పుతూ ఆగింది.

"సాయంత్రం మా గదికి వస్తావా?" అంది. "ఒక పువ్వు ఉంది. అక్కది కాదు."