చింతపండుతో తోమిన తుపాకి

శ్యామ్‌సుందర్ పరాయిదేశంలోని ఎడారి ఊరు చాండ్లర్‌లో ముప్ఫయ్యేళ్ళు కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళలో ఒక్కసారైనా తప్పు నాదేనని ఒప్పుకున్న మనిషి కాదు. దారి తప్పితే రోడ్డుది తప్పు, పాలు పొంగితే పొయ్యిది తప్పు. ఈ మాట ఆయన భార్య పద్మిని పదిమందిలో నవ్వుతూనే చెప్పేది గానీ, ఆ నవ్వులో కారం ఉండేది.

పక్కింటి హెరాల్డ్‌కి ఎనభై రెండేళ్ళు. ఒంటరివాడు. తుంటి ఆపరేషన్‌కి పోతూ, ఖాళీ ఇంట్లో తుపాకి వదలడం మంచిది కాదని తన పాత వేట రైఫిల్ తెచ్చి శ్యామ్‌సుందర్ చేతికిచ్చాడు. తూటాలు లేవు, మీటకి తాళం వేసి ఉంది. వాళ్ళ నాన్నదట. బీరువాలో పెడితే చాలన్నాడు. పెట్టమన్నాడంతే, పూజ చెయ్యమనలేదు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకి అందరూ కారు తాళాలూ, ల్యాప్‌టాప్‌లూ, కూరలు తరిగే కత్తీ పెట్టుకుంటారు. ఈయనగారికి మాత్రం ఇంట్లో అసలైన ఆయుధమే ఉందాయె. ఊరుకుంటాడా? పద్మిని కొట్టుకెళ్ళిన సమయం చూసి రైఫిల్ బయటికి తీశాడు. భుజానికి ఆనించే కర్రభాగం, స్టాక్ అంటారు దాన్ని, చేతిజిడ్డు పట్టి నల్లగా ఉంది. అరవయ్యేళ్ళ నూనె తాగి నునుపుదేలిన కర్ర అది. ఈయన కంటికి మురికిలా కనబడింది. ఇంజనీరు కదా, మరలు విప్పి కర్రని విడదీశాడు. దేవుడి ముందు పెట్టే కుందుల్ని దేంతో తోముతారు? చింతపండుతో. ఈయనా అదే నానబెట్టి, పీచు పెట్టి, చెయ్యి నొప్పెట్టేదాకా తోమి, పంపు కింద కడిగి పెరటి గోడ మీద ఎండబెట్టాడు. చాండ్లర్‌లో దసరా ఎండకి కూడా అప్పడాలు ఎండుతాయి.

సాయంత్రానికి కర్ర తెల్లగా పాలిపోయింది. ఈయనకి ముచ్చటేసింది. మళ్ళీ బిగించి, పసుపు రాసి బొట్లు పెట్టి దండ వేశాడు. పూజకి వచ్చినవాళ్ళంతా దాంతో ఫోటోలు దిగారు. మానవ్ అనే కుర్ర ఇంజనీరు, అంకుల్ ఇది మీదేనా అని అడిగితే అవునన్నాడు. అక్కడితో ఆగాడా, జింకల్ని కొట్టానని కూడా చెప్పాడు.

మర్నాడు పసుపు తుడుద్దామని ఎత్తేసరికి, చేత్తో పట్టుకునే సన్నటి చోట, నూనె పోయి ఎండిన కర్ర పగిలి రెండు ముక్కలై చేతికొచ్చింది.

పద్మినికి కూడా చెప్పకుండా ముక్కల్ని పాత దుప్పటిలో చుట్టి గరాజ్‌లో దాచాడు. మిగిలిన ఇనుము పట్టుకుని తుపాకుల కొట్టుకి పోయాడు. కొట్టామె మూడు రకాల స్టాకులు చూపించింది. నల్ల ప్లాస్టిక్‌ది ఎండకీ వానకీ చెక్కు చెదరదంది. పల్చటి చెక్కలు అతికించి చేసినది గట్టిదే గానీ బరువంది. మూడోది వాల్‌నట్ చెట్టు కర్ర, పాత తుపాకులకి ఉండేది అదే. ఈయన చెయ్యి సూటిగా దాని మీదికి పోయింది. పాతదానిలా కనబడేట్టు నల్లబరచగలరా అని అడిగాడు. రంగుదేముంది, ముందు తుపాకి ఎవరిదో చెప్పమందామె. స్టాక్ పొడుగు మనిషి చేతిని బట్టి ఉండాలట. జాకెట్టు కుట్టాలంటే తొడుక్కునే మనిషి కొలత అక్కర్లేదూ, ఇదీ అంతే.

ఇంకొకరిదంటే ఎలా విరిగిందో చెప్పాలి.

"నాదే" అన్నాడు.

ఆమె ఆయన మోచేతి మడత నుంచి వేలిదాకా టేపుతో కొలిచి రాసుకుంది. శ్యామ్‌సుందర్ అయిదడుగుల మూడంగుళాల మనిషి. హెరాల్డ్ తలుపు దాటాలంటే తల వంచుతాడు. ఆ సంగతి ముప్ఫయ్యేళ్ళు ఇంజనీరుగా పనిచేసిన ఆ బుర్రకి తట్టలేదు. భయం పట్టిన బుర్ర అంతే.

రెండు నెలలకి హెరాల్డ్, నడకకి వాకర్ ఊతంగా పట్టుకుని, ఇంటికొచ్చాడు. మొగుడూ పెళ్ళాలు చూడ్డానికి వెళ్ళారు. శ్యామ్‌సుందర్ రైఫిల్ అందించాడు. రంగు బ్రహ్మాండంగా కుదిరింది. హెరాల్డ్ కుర్చీలోంచే భుజానికి ఆనించుకున్నాడు. కర్ర పొట్టిదవడంతో బొటనవేలు పోయి ముక్కుకి తగిలింది. దించాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తగిలింది. తుపాకి వంకా, శ్యామ్‌సుందర్ పొట్టి చేతుల వంకా చూశాడు.

"నీ కొలతకి చేయించుకున్నావు. కావాలని ఉంటే అడగాల్సింది, శ్యామ్. ఇచ్చేవాణ్ణిగా."

కోపంగా అని ఉంటే బావుండేది. వెధవననిపించుకోకూడదని ఇన్ని తంటాలు పడితే, చివరికి దొంగయి కూర్చున్నాడు. పద్మిని వంక చూశాడు. గరాజ్‌లో దుప్పటి మూటని ఆవిడ ఎప్పుడో విప్పి చూసిందని ఆ చూపుని బట్టి అప్పుడు తెలిసింది ఆయనకి.

"చెప్పండి" అంది తెలుగులో. "మీరే చెప్పండి. నేను చెప్పను."

చెప్పాడు. చింతపండు గురించి, ఎండ గురించి, దాచిపెట్టడం గురించి. చింతపండుతో ఎందుకు తోమావని హెరాల్డ్ అడిగితే, దేవుడి ముందు పెట్టడానికన్నాడు. ఆ మాట సగం నిజమే. ఆగి, మిగతా సగం కూడా చెప్పాడు. "వచ్చినవాళ్ళకి ఇది నాదని చెప్పుకున్నాను. వేటాడానని కూడా చెప్పాను." అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బడిపిల్లాడిలా నేల చూపులు చూశాడు.

హెరాల్డ్ తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. ఆ ముక్కలు తెచ్చి ఇమ్మని మాత్రం అన్నాడు.

వారం తర్వాత హెరాల్డ్‌ని కార్లో ఎక్కించుకుని శ్యామ్‌సుందరే కొట్టుకి డ్రైవ్ చేశాడు. మళ్ళీ ఎందుకొచ్చారని కొట్టామె అడిగింది. పక్కన నలుగురు కొనుగోలుదార్లున్నారు. "తుపాకి నాది కాదు, ఈయనది. నేను అబద్ధం చెప్పాను" అన్నాడు, అందరికీ వినబడేట్టే.

ఆమె హెరాల్డ్ చెయ్యి కొలిచి మూడు రకాలూ ముందు పెట్టింది. అందులో మేలిరకం వాల్‌నట్ తీసుకుంటాడని శ్యామ్‌సుందర్ ఎదురుచూశాడు. అది ఇప్పించగలిగితే గుండె మీది బరువు కొంతైనా దిగుతుందని ఆశ. హెరాల్డ్ దాన్ని ముట్టుకోనైనా లేదు. ఇంకో కర్ర మీద మనసు పెట్టుకునే వయసు కాదు తనదన్నాడు. నల్ల ప్లాస్టిక్ తీసుకున్నాడు.

తిరుగు దారంతా శ్యామ్‌సుందర్ రోడ్డు చూస్తూ నడిపాడు. పక్క సీట్లో ఆ పెద్దాయన, పాలిపోయిన ముక్కలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పగులు దగ్గర వేలితో తడుముతూనే ఉన్నాడు.