పెరకని బాకు

మొన్న మామిడికాయల కాలంలో బనగానపల్లె బస్టాండు దగ్గర లారీలోంచి జారిన ఇనుప కమ్మీ ఒకటి, మోటారుసైకిలు మీద వస్తున్న ఒకాయన తొడలో దిగబడింది. మూగిన మగవాళ్ళలో సగం మంది ఫోన్లు పైకెత్తి బొమ్మ పట్టుకుంటున్నారు, తక్కిన సగం మంది కమ్మీ పెరకబోతున్నారు. నాది ఎట్లాగూ మొరటు గొంతు, బస్టాండంతా తిరిగి చూసేట్టు అరిచాను.

"ఒరే, పెరికితే ఈడనే సస్తాడు! చెయ్యి తియ్యండప్పా!"

ఒకతను ఫోనులో వెతికి, "అవ్వ చెప్పేది నిజమే, దీంట్లో గూడా అదే ఉండాది" అన్నాడు. చిటికెలో తేలిపోయింది. ఆ ఒక్క ముక్క తెలియడానికి మా ఇంట్లో ఎంత నెత్తురు పోయిందో నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చనిపించి, సంతకం తప్ప రాయడం రాని దాన్ని గనుక, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము కోయిలకుంట్ల పక్క పల్లెలో ఉండేవాళ్ళం. ఊరు రెండు పార్టీలు. మా ఆయన శనగచేనికి పోతుంటే జీపులో వచ్చినవాళ్ళు నాటుబాంబులు వేసి, పొగలో పడి పరుగెత్తుతున్న మనిషిని తరిమి, కడుపులో ఈటె దించి పోయారు. నేను పోయేసరికి ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నీళ్ళడిగాడు, ఎద్దులు ఇల్లు చేరాయా అని కూడా అడిగాడు. మాలో ఒక పట్టింపు ఉండేది. పగవాడి ఇనుము ఒంట్లో పెట్టుకొని మగవాడు ఊరి పొలిమేర దాటకూడదు, దాటితే వంశానికి తలవంపు, సొంతవాళ్ళే దాన్ని పెరికి పారెయ్యాలి. మా మరిది ఏడుస్తూనే అన్న రొమ్ము మీద కాలు మోపి ఈటెను రెండు చేతులా పెరికాడు. బోరులో నీళ్ళు ఎగజిమ్మినట్టు నెత్తురు వచ్చి నా ముఖాన పడింది. తారురోడ్డు చేరకముందే ఆయన ఒళ్ళు చల్లబడింది. ఈటె చంపిందనే అందరం అనుకున్నాం.

ఆ తర్వాత పొట్ట కోసం కర్నూలు చేరి, ఒక పెద్దాసుపత్రి లైబ్రరీలో చీపురు పట్టాను. ఆ లైబ్రరీ చూసుకునే మేడమ్మ కర్నూలు కోమట్ల ఇంటి పిల్ల. డాక్టర్లు ఏదైనా అడిగితే కంప్యూటరు ముందు కూర్చుని దేశదేశాల పరిశోధనలు వెతికి, వాటిలో ఏది నమ్మదగిందో ఏది కాదో విడదీసి ఇచ్చేది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఉండేది ఆమె పని. ఒకసారి ఒంట్లో దిగబడి ఉండిపోయిన కత్తుల గురించి ఎవరో డాక్టరు అడిగాడట. చదివిందంతా ఆమె నాకూ చెప్పింది. దిగిన ఇనుమే లోపలి నెత్తుటికి అడ్డంగా ఉంటుందంట, కదలకుండా చుట్టూ గుడ్డ కట్టి తేవాలంట, ఆపరేషను గదిలోనే తియ్యాలంట.

చీపురు గోడకు ఆనించాను. మరి పెరక్కపోయుంటే మా ఆయన బతికేవాడా అని అడిగాను.

"చెప్పలేనమ్మా. బతికే దారి మాత్రం ఉండేది."

అవునని అబద్ధమాడినా, కాదని నెట్టేసినా నాకు నిద్ర పట్టేదేమో. ఆ రోజు నుంచి మా మరిదిని నేనే కొడవలితో నరికినట్టు కలలొచ్చేవి.

మేడమ్మ ఆ మాటలే పెద్ద అక్షరాలతో కాగితాలు వేయించి ఆసుపత్రి గోడలకు అంటించింది. పల్లెలనుంచి వచ్చినవాళ్ళు వాటిని చించి బోండాలు పెట్టుకు తిన్నారు. ఆమె కోపగించుకోక, తెలిసిన మాట జనానికి ఎట్లా చేర్చాలనే లైబ్రరీ పనిమీద కూడా పరిశోధనలుంటాయని చెప్పి వాటినే వెతికింది. కాగితం ఒక్కటే చాలదు, తమ మనిషి తమ యాసలో చెప్పాలి, చెప్పి ఊరుకోక విన్నవాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోవాలి, అని అందులో ఉందంట. ఆ తమ మనిషిగా నన్ను పంపింది. ఆసుపత్రి ఆవరణలో రోగుల వెంట వచ్చినవాళ్ళు అన్నం మూటలు విప్పుకునే చెట్ల కింద నేను చెప్పి, "యాదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అనేదాన్ని. ఒకడు, "మొగుణ్ణి మింగినదానివి, మాకు చెప్తాండావా?" అని ముఖాన ఉమ్మేశాడు. తుడుచుకొని మళ్ళీ చెప్పాను.

తర్వాత కొన్నాళ్ళకు పీర్ల పండుగకు ఊరికి పోయాను. నా తమ్ముడు మా మరిదికే ట్రాక్టరు నడిపేవాడు. వెలుతురుండగానే, తప్పెట్ల మోతలో ఎవరో వెనకనుంచి వాడి వీపులో బాకు పిడి దాకా దించారు. వాడు బోర్లా పడి నన్ను పిలుస్తున్నాడు. మా మరిది వంగి పిడి పట్టుకున్నాడు. చుట్టూ జనం, "పెరుకప్పా, పెరుకు!"

నేను పోయి ఆ మణికట్టు కొరికాను. రెండో చేత్తో నా దవడ మీద గుద్దాడు, పన్ను విరిగింది, అయినా వదల్లేదు.

"ఇడ్సు వదినా! మనోని ఒంట్లో వాళ్ళ ఇనుమా?"

"నీ అన్నను సంపింది వాళ్ళ ఈటె గాదు, నువ్వు పెరికిన చెయ్యి! వీణ్ణి గూడా సంపుతావా?"

మేడమ్మ అంత మాట అనలేదు. నాకు తెలుసు. తెలిసే విసిరాను.

ఆయన చెయ్యి పిడిమీదనుంచి జారిపోయింది. ముఖం చూడలేకపోయాను. నెమ్మదిగా తలగుడ్డ విప్పి, నేను చూపినట్టు బాకు చుట్టూ చుట్టాడు. జీపులో కర్నూలు దాకా, గుంతలొచ్చినప్పుడల్లా అది కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఏం చెయ్యకూడదో తిరిగి చెప్పమన్నాను. "పెరకను వదినా" అన్నాడు. ఒకసారి చెబితే చాలు, కానీ ఆపలేదు. "పెరకను, పెరకను" అంటూనే ఉన్నాడు. ఆ మాట నాకు కాదని సగం దారిలో అర్థమైంది. అన్నకు చెబుతున్నాడు.

తమ్ముడు బతికాడు, ఇప్పటికీ ట్రాక్టరు నడుపుతాడు. మరిది మాత్రం మళ్ళీ నా గడప తొక్కలేదు. చనిపోయేదాకా రచ్చబండ మీద కుర్రవాళ్ళను ఆపి, పంటిగాట్లున్న చెయ్యి చూపి ఆ ముక్క చెప్పి, "యాదీ, నువ్వు చెప్పు" అనేవాడట.

ఊళ్ళలో బాంబులు తగ్గాయి, మేడమ్మ ఉద్యోగం మాని ఎటో పోయింది, ఆమె ఏరిన బియ్యమూ ఏరి పారేసిన రాళ్ళూ ఇప్పుడు అందరి జేబుల్లోనూ కలిసే ఉన్నాయి. మొన్న బస్టాండులో ఫోను సరిగ్గానే చెప్పింది. కమ్మీతోనే ఆయన్ను ఆటో ఎక్కించి పంపారు, ఫోన్లు జేబుల్లో పెట్టుకొని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎవరూ ఎవరి నోటా తిరిగి చెప్పించలేదు. నేనొక్కదాన్నే అక్కడ నిలబడి, పైకే అన్నాను, పెరకను అని.