సూరత్ రోడ్డు మీద తమ్ముణ్ణి పిలిచిన రోజు

పిలిచినా తిరిగి చూడని మనిషికి మన మాట వినపడలేదా, లేక వినడం ఇష్టం లేదా? ఇంగ్లీషు పాఠాలు చెప్పే నేను ఏళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. హియర్ అంటే చెవిన పడటం, లిజన్ అంటే చెవి ఒగ్గడం, హీడ్ అంటే విని ఆ ప్రకారం నడుచుకోవడం అని తరగతిలో తేలిగ్గా చెప్పేస్తాను. సూరత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మా తమ్ముడు శంకర్ ఫోన్లో పొంతన లేని జవాబులివ్వడం మొదలయ్యాక ఆ తేలిక పోయింది. చూసి రావాలని బయల్దేరాను.

కాజీపేటలో రైలెక్కితే మర్నాడు సూరత్. స్టేషన్ నుంచి శంకర్ ఉండే నవాగామ్‌కు ఆటో అతను రెండు వందలన్నాడు, నూట యాభైకి వచ్చాడు. ఇంట్లో నేను కూర్చోకముందే మరదలు లావణ్య హెచ్చరించింది. "ముంగటికొచ్చి మాట్లాడు వదినె. మీ తమ్మునికి మాట ఇనబడది, కనబడ్తది. ఛాయ్ అంటె మాత్రం గోడవతల్నుంచైనా ఇనబడ్తది."

శంకర్ నవ్వాడు. మాట విన్నాడో, ఆమె పెదవులు చూశాడో నాకు తెలియలేదు. చెవులు డాక్టరుకు చూపించుకోమన్నాను.

"చూపిస్తె చెవుడని రాస్తరక్కా. సేఠ్‌కు తెలిస్తె సాంచెల కాడికి రానియ్యడు. నాకు ఇంకేం పనొస్తది?"

వేరే పని చూద్దామన్నాను. అప్పుడు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం అతని వెంట షేర్ ఆటోలో, మనిషికి ముప్పై రూపాయలు, ఖటోదరాలో అతని కార్ఖానా చూడటానికి వెళ్లాను. కార్ఖానా గుమ్మంలోనే చప్పుడు ఛాతీకి తగిలింది. లోపల ఎవరూ గొంతు వాడటం లేదు. భుజం తట్టి, వేళ్లు ఊపి, పెదవులు కదిపి పని కానిస్తున్నారు. కాసేపటికే బయటికొచ్చేశాం. ఛాయ్ కోసం రోడ్డు దాటుతూ శంకర్ నాకంటే ముందున్నాడు. సందులోంచి బట్టల మూటలతో టెంపో ఒకటి హారన్ కొడుతూ దూసుకొచ్చింది. శంకర్ అని అరిచాను. తిరగలేదు, ఆగలేదు. టెంపో అతని మోచేతికి జానెడు దూరంలో ఆగింది.

"బహరా హై క్యా?" చెవిటివాడివా అని అరిచాడు డ్రైవర్.

శంకర్ చెయ్యూపి దాటేశాడు. వెళ్లి అతని రెక్క పట్టుకున్నాను.

"ఏందక్కా, గిట్ల పట్టుకున్నవ్?"

"హారన్ ఇనబడలేదారా?"

"ఇన్న. వాడు ఆపుతడని నడ్శిన."

"నేను పిలిస్తె?"

"ఇన్న. చిన్నప్పటి సంది పిలుస్తనే ఉంటివి గద." ఆ మాట అంటున్నంతసేపూ నా పెదవులే చూస్తున్నాడు.

తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు. వినపడకపోతే, రేపు కూడా ఆ రోడ్డు అతను దాటాలి. విని కూడా నడిచి ఉంటే నా భయం ఇంకా పెద్దది. మీరు కార్ఖానాలు చూడటానికి వెళ్తే చెవుల్లో దూది పెట్టుకోండి, అక్కడ ఎవరినీ వెనక నుంచి పిలవకండి, ఎదుటికి వెళ్లి మాట్లాడండి. ఆ రోజు మా తమ్ముడు విన్నాడో లేదో మాత్రం నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.