సవరణ: ఆ బొమ్మలు షాహీన్‌వి

ఆదివారం. రెండు బకెట్ల బట్టలు, బియ్యం చెరగడం, పప్పు డబ్బాలు ఎండలో పెట్టడం, వంటిల్లు కడగడం... నాలుగు పనులూ అయ్యాయి. పొద్దున ఫోన్‌లో ఎవరో గీసిన యుద్ధం బొమ్మ వచ్చింది. కింద పేరు లేదు. దాన్ని చూశాక ఐదో పని గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా బడి వరండాలో వార్తల బోర్డు ఉండేది... పొద్దున్నే బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో పేపరు చదివి, ప్రార్థనకు ముందే నాలుగు వార్తలు రాసేదాన్ని. నాకెప్పుడూ దూరదేశాల సంగతులే కావాలి. అడుగున "సేకరణ: పద్మ, తొమ్మిదో తరగతి" అని కింద గీత గీసి మరీ రాసుకునేదాన్ని.

ఒకరోజు, ఎక్కడో యుద్ధం వచ్చి జనం ఊళ్లు విడిచి పోతున్నారని రాశాను. ఎవరూ ఆగి చదవలేదు. నా పక్కన కూర్చునే షాహీన్ మాత్రం అడిగింది.

"ఇల్లిడిసి పోయేటోళ్లు ఏం పట్టుకపోతరే?"

"పైసలు, బంగారం."

"మా అమ్మీ అయితే కుట్టుమిషన్ పట్టుకపోతది."

అంటూనే, నెత్తిన మిషను మోస్తూ నడిచే ఆడమనిషిని చాక్‌పీసుతో గీసింది... ఆ రోజు బడంతా బోర్డు ముందే ఉంది. అప్పటి నుంచి రాత నాది, బొమ్మ తనది. అడుగున పేరు మాత్రం నా ఒక్కదానిదే.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు బోర్డు చూసి మెచ్చుకున్నారు. తెలుగు సారు అడుగున ఉన్న పేరు చదివారు. నేను వెళ్లి బహుమతి పెన్ను తీసుకున్నాను. షాహీన్ వైపు చూడలేదు.

"గా దేశపోళ్లకు అన్యాయం అయిందని గింత పెద్ద అక్షరాలు రాస్తవ్. నా పేరు రాయనీకి చాక్‌పీస్ అయిపోయిందా?" అంది.

మర్నాటి నుంచి బొమ్మలు లేవు. రెండు రోజులు వట్టి వార్తలే రాశాను. మూడో రోజు వార్తలు మాని ఒక్కటే రాశాను. 'సవరణ: ఈ బోర్డు మీద బొమ్మలన్నీ షాహీన్ వేసినవి. పేరు రాయకపోవడం నా తప్పు.'

సారు తుడిచేశారు. మర్నాడు మళ్లీ రాశాను. మళ్లీ తుడిచారు. మూడోసారి డస్టర్ పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఏందే పద్మా, దునియాల వార్తలే లేవా?"

"ఉన్నయ్ సార్. గిది ఉంచితెనే గవి రాస్త."

నేను పక్కకు జరగలేదు. సారు డస్టర్ కింద పెట్టి వెళ్లిపోయారు. వెనక నుంచి ఒక చెయ్యి నా చాక్‌పీసు లాక్కుంది.

"జర జరుగు. గింత పెద్దగ రాస్తె నా బొమ్మకు జాగేది?"

సాయంత్రానికి, రోజూ లాగే, బోర్డు తుడిచేశారు. పదో తరగతి కాగానే షాహీన్ పెళ్లయి జల్‌పల్లి వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రపంచమంతా అరచేతిలోకి వస్తోంది... బొమ్మలకు లెక్కే లేదు, గీసినవాళ్ల పేర్లే ఉండవు. మీరు రాయకుండా వదిలేసిన పేరు ఏదైనా ఉందా? కింద కామెంట్లో రాయండి. చాక్‌పీసు రాతలా సాయంత్రానికి చెరిగిపోదు. ముందు నేను వదిలేసింది రాస్తున్నాను.

బొమ్మలు: షాహీన్, తొమ్మిదో తరగతి.

బాకీ తీరింది.