నడిమి పువ్వు పక్కకు జరిగిన చార్టు

2023 వానాకాలం. వరంగల్ మట్టెవాడలో ఒక ఇంటి వెనుక రేకుల షెడ్డు, అందులో జంపఖానాలు నేసే మగ్గాలు. ఆ షెడ్డు రాజమల్లన్నది. ఆయన కోడలు స్వప్న అడిగితే అంతకుముందే వాళ్లకు ఒక చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. డిజైన్ బొమ్మ ఇస్తే, నేసేవాళ్లు ముందు పెట్టుకుని చూసుకునే గడుల చార్టు అది గీసిస్తుంది. ఒక గడి అంటే ఒక పడుగు దారం, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారం.

నేను కంప్యూటర్ కాలేజీలో చదువుకోలేదు. పరకాలలో ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. ఆ లెక్కల పని తేలిక చేసుకుందామని జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను, మెల్లగా అదే బతుకుదెరువైంది. ఇప్పటికీ ఏ ప్రోగ్రామ్ ముందు కూర్చున్నా మొదట కూడికలు సరిచూసుకుంటాను. ఆ అలవాటు పోలేదు.

ఈ పని తెలియనివారి కోసం ఒక మాట. జావాస్క్రిప్ట్‌లో రాసిన ప్రతి ప్రాజెక్టుకూ ప్యాకేజ్ డాట్ జేసన్ అనే ఫైలు ఉంటుంది. ప్రాజెక్టు పేరేమిటి, అది ఇంకెవరెవరు రాసిన కోడ్ మీద ఆధారపడుతుంది, ఆ కోడ్‌లో ఏ వెర్షన్ కావాలి అన్నవి అందులో ఉంటాయి. అలా ఆధారపడిన వాటిని డిపెండెన్సీలు అంటాం. ఇదిగాక పనికి కావలసిన కొలతలు, రంగుల వంటివి ఉండే ఫైలును కాన్ఫిగ్ అంటాం. ఈ ఫైళ్లు ఎక్కడున్నాయో వెతికి చదివిపెట్టే చిన్న చిన్న కోడ్ ముక్కలను హెల్పర్లు అంటారు. ఇవి పైకి కనబడవు. వంటింట్లో గరిటెలాగా అన్ని పనుల్లోనూ ఉంటాయి, వాటి ఊసు ఎవరూ ఎత్తరు. నేను వాడిన హెల్పర్ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసి, అందరూ వాడుకోండని ఉచితంగా పెట్టింది.

ఒకరోజు పొద్దున స్వప్న ఫోన్ చేసింది. "అన్నా, జర రాగలవా? చార్టు తేడా కొడ్తాంది. మామ మగ్గం ఆపిండు."

వెళ్లేసరికి రాజమల్లన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. మొదటి అంచు వరకు నేసి ఆపేశాడు.

"ఏంది తమ్మీ, మీ కంప్యూటరు నా మగ్గాన్ని అటిటు గుంజి ఎడల్పు చేస్తదా?" అన్నాడు.

"ఏమైంది రాజమల్లన్నా?"

"నడిమి పువ్వు నడుమ లేదు. మీ చార్టు చూసి నేస్తే పువ్వు కుడిపక్కకు పోతాంది, ఆ పక్క అంచుకు దారాలే లేవు. నేను పడుగు లెక్కవెట్టుకొని చూసిన గనుక ఆగిన." కోడలి వైపు చూశాడు. "పొద్దుగూకేలోపు సక్కగ చేసిస్తే సరే. లేకుంటే నేను చేత్తోనే గీసుకుంట. ఇగ కంప్యూటర్ ముచ్చట ఈ షెడ్డుల ఎత్తొద్దు."

ఆ ప్రోగ్రామ్‌ను షెడ్డులోకి తేవడానికి స్వప్న ఎంత కాలం బతిమాలిందో నాకు తెలుసు. కొత్త డిజైన్లు తానే వేయాలని ఆమె కోరిక. ఈ ఒక్క చార్టుతో ఆ కోరిక తీరకుండా పోయేలా ఉంది.

నా మొదటి అనుమానం డిపెండెన్సీల మీదికి పోయింది. బొమ్మను గడులుగా కోసే కోడ్ నాది కాదు. దాని వెర్షన్ మనకు తెలియకుండా మారితే లెక్క కూడా మారొచ్చు. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో అడిగిన వెర్షన్లు ఒక పక్క, కంప్యూటర్‌లో నిజంగా ఉన్నవి ఒక పక్క పెట్టి పోల్చాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడు కోడ్ వదిలేసి లెక్కకు దిగాను. చార్టులో అడ్డంగా 576 గడులున్నాయి. మగ్గం మీద పడుగు దారాలు 480. వాళ్ల షెడ్డులో అంగుళానికి పన్నెండు దారాలు. 576ను పన్నెండుతో భాగిస్తే 48.

"స్వప్నా, ఈ జంపఖానా వెడల్పెంత?"

"నలభై అంగుళాలన్నా."

"మరి నలభై ఎనిమిది ఎక్కడిది?"

"పోయిన ఆర్డర్‌ది. అది మగ్గం మీంచి దిగిపోయింది గదా."

దిగిపోయిన జంపఖానా కొలత కొత్త చార్టులోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఫోల్డర్లు తెరిచి చూస్తే కొత్త ఆర్డర్ ఫోల్డర్ పాత ఆర్డర్ ఫోల్డర్ లోపల ఉంది. ప్రతి ఆర్డర్‌కూ విడి ఫోల్డర్ అన్నది నా ఏర్పాటు.

"ఇది దీని లోపల ఎందుకు పెట్టినవు?"

"పోయిన ఆర్డర్ ఇచ్చిన సేటే మళ్ల ఇచ్చిండన్నా. మగ్గం మీద గూడ గట్లనే గదా, పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతుకుతం. అదే గుర్తుతోని లోపల పెట్టిన."

రాజమల్లన్న వెంటనే అందుకున్నాడు. "అతకకుంటే ఎట్ల? పాత దారం మొత్తం తీసేసి ఒక్కొక్కటి మళ్ల ఎక్కియ్యాల్నంటే వారం పడ్తది. మిగిలిన దారాలు అంచుల పొంటి వదిలేసి నడిమియే అతికినం."

"కొత్త ఫోల్డర్ కాన్ఫిగ్‌లో వెడల్పు రాయలేదేం స్వప్నా?"

"అప్పటికి సేటు ఖాయం చేయలే. రాయకుంటే ప్రోగ్రామ్ ఆగి అడుగుతది గదా, అడిగినప్పుడు పెడ్దామనుకున్న. ఈసారి అడగనే లేదు."

అంతా తేటపడింది. హెల్పర్ ఆ ఆర్డర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్‌లో కొలత దొరకకపోతే పై ఫోల్డర్‌లో చూస్తుంది, అక్కడా లేకపోతే ఇంకా పైకి పోతుంది. జావాస్క్రిప్ట్ పనిముట్లలో చాలావరకు ఇదే పద్ధతి, మంచి పద్ధతే. ఇంతకుముందు పైన ఏ కొలతా దొరికేది కాదు, అందుకే ఆగి అడిగేది. ఈసారి పైన పాత ఆర్డర్ ఉంది. అందులోని 48 తీసుకుని నోరెత్తకుండా చార్టు గీసింది.

వెడల్పు 40 అని రాసి చార్టు మళ్లీ తీయడం క్షణంలో అయిపోయింది. అంతటితో లేస్తే రాజమల్లన్న నమ్మడని అనిపించింది. అక్కడే కూర్చుని హెల్పర్‌ను కొంచెం మార్చాను. వెడల్పు, దారాల లెక్క ఆ ఆర్డర్ ఫోల్డర్‌లోనే ఉండాలి, లేకపోతే ఆగి అడగాలి. రంగుల వంటివి పై నుంచి తీసుకోవచ్చు. ఏ అంకె ఏ ఫోల్డర్ నుంచి తెచ్చిందో చార్టు కింద తెలుగులో అచ్చవ్వాలి.

రాజమల్లన్న కొత్త చార్టు అందుకుని కింది వరస మీద వేలు నడిపిస్తూ చదివాడు. పువ్వు నడిమి గడి నుంచి రెండు పక్కలా లెక్కపెట్టి, మగ్గం మీద దారాలూ లెక్కపెట్టాడు.

"రెండు దిక్కుల సమానమున్నది," అన్నాడు. "ఇది మంచిగున్నది తమ్మీ. యాడికెల్లి తెచ్చిందో చెప్తాంది. తప్పు తెచ్చినా నేను పట్టుకోవచ్చు." బీడీ చెవి మీద పెట్టుకుని, అడ్డదారం నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు. "స్వప్నా, గా నెమలి డిజైన్ అన్నవు గదా, దానికి గూడ ఒకటి తీసి పెట్టు."

స్వప్న "సరే మామా" అని కంప్యూటర్ వైపు తిరిగింది. నాకు చాయ్ పెట్టడం మరిచిపోయింది. అదీ సంతోషంగానే అనిపించింది.

ఆ రోజుకు నేను చాలామందికి రుణపడి ఉన్నాను. హెల్పర్‌ను ఉచితంగా ఇచ్చిన ఆ అపరిచితుడికి. చదివి మార్చుకోగలిగేంత శుభ్రంగా రాశాడు గనకే షెడ్డులో కూర్చుని పని ముగించగలిగాను. కంగారులో ఫోల్డర్లు చెరిపేయకుండా ఉన్నది ఉన్నట్టు చూపిన స్వప్నకు. చార్టు కంటే తన చేతి లెక్కను నమ్మి సమయానికి ఆగిన రాజమల్లన్నకు. ఆయన ఆగకపోతే తప్పు సేటు ఇంట్లో బయటపడేది.

ఇప్పుడు కొత్త పని ఒప్పుకున్నప్పుడు కోడ్ మొదలుపెట్టక ముందు ఒక పూట వాళ్ల పనిచోట కూర్చుని చూస్తాను. మనుషులు చేతుల్తో ఎలా పనిచేస్తారో కంప్యూటర్‌లోనూ అలాగే సర్దుకుంటారు, ప్రోగ్రామ్ ఆ తీరుకు తగ్గట్టు ఉండాలి. రాసే ప్రతి హెల్పర్‌కూ ఆ షెడ్డులో నేర్చుకున్న పని ఒకటి అప్పగిస్తాను: తెచ్చిన అంకెతో పాటు, అది తెచ్చిన చోటు కూడా చెప్పాలి.